నూట ఆరో భాగం

నల్లరాయి పలకబోయి ఆగింది. సరిగ్గా అక్కడే నూట అయిదో భాగం అయిపోయింది.

"ఈ దినానికి ఇంతే. మిగతాది రేపు వస్తాదంట" అని నాగవేణి ఫోను ఒళ్లో పెట్టుకుంది.

పత్తిచేలో వంగి ఉన్న పదకొండు నడుములు ఒక్కసారిగా లేచాయి. విస్తరి దాకా తెచ్చిన గరిటెను వెనక్కి తీసుకుపోయిన మనిషిని చూసినట్టు అందరూ ఆమెను చూశారు.

"పలికేదేదో పలికినాక ఆపితే ఆయప్ప సొమ్మేం పోతాది?" అంది లింగమ్మ.

ఆయప్ప అంటే ఆ నవల రాసినాయన. ఫోనులో ఆయన పేరు 'నక్షత్రకుమార్' అని ఉంటుంది. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదనే విషయంలో గుంపు మొత్తానిదీ ఒకే మాట.

లింగమ్మ గుంపులో పన్నెండు మంది. అందరిదీ గోనెగండ్ల దగ్గర ఒకే ఊరు. పొద్దున్నే ఒకే ఆటోలో, ఏ పోలీసూ ఒప్పుకోని లెక్కలో ఇరుక్కుని కూర్చుని, ఎమ్మిగనూరు రోడ్డు పక్కనున్న లక్ష్మీనారాయణ చేనుకు వస్తారు. కూలి గుంపుకు వస్తుంది, గుంపు సమంగా పంచుకుంటుంది. పత్తి తీసేది మాత్రం పదకొండు మందే. పన్నెండో మనిషి నాగవేణి. ఆమె బోర్లించిన బిందె మీద కూర్చుని, తీత ముందుకు జరిగే కొద్దీ బిందె జరుపుకుంటూ, ఫోనులో నవల చదువుతుంది.

ఈ ఏర్పాటు చేసింది లింగమ్మే. మొదటి తీత మొదలైన రోజు నడుం మీద చేతులు పెట్టుకుని తీర్పు చెప్పింది. "సదివేదానికి రెండు చేతులు కావల్ల. ఒగటి ఫోను పట్టను, ఒగటి అచ్చరాలు పైకి తొయ్యను. ఇంగ దానికి సాలు ఏంటికి?"

ఆ తీర్పులో నాగవేణి కుడి మణికట్టు ప్రసక్తే రాలేదు. పోయినేడు ఆటో బోల్తా పడినప్పుడు విరిగిన ఆ మణికట్టు అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. ఫోను పట్టుకోవడానికి పనికొస్తుంది. ఎండిన కాయ డిప్పల మధ్య వేళ్లు పెట్టి, ఆకు రాకుండా పత్తి లాగడానికి పనికిరాదు. అందరికీ తెలిసిన ఆ సంగతిని లింగమ్మ నోటితో అనకపోవడం నాగవేణికి కూలికంటే ఎక్కువ. అందుకే నవల పొడుగ్గా సాగాలని ఆమె రోజూ దేవుణ్ని అడుగుతుంది. అది అయిపోయిన రోజు ఆమె మళ్లీ ఒంటిచేతి మనిషి. ఆమెకు వాటా ఎందుకని గుంపులో ఎవరూ అడగరు, ఆ మాట నిజమే. అడగకపోయినా ఆమెకు వినబడుతుంది.

నవల పేరు 'తొమ్మిది సూర్యుల సింహాసనం'. ముందొచ్చిన భాగాలన్నీ రోజుకు పదీ పదిహేనూ చొప్పున చదివేశారు, ఇప్పుడు రోజుకొకటే వస్తోంది. కథంతా ఆకాశంలోనే. తొమ్మిది సూర్యులను ఏలే చక్రవర్తి బిడ్డ పురిట్లోనే తప్పిపోతుంది. ఆడబిడ్డో మగబిడ్డో కూడా ఎవరికీ తెలియదు, మంత్రసాని ఎక్కిన ఓడ పేలిపోయింది కాబట్టి. మనుషులు పుట్టకముందే విశ్వమంతా తిరిగిన ఆద్యులనే జాతి ఒక నల్లరాయిని వదిలిపెట్టి మాయమైంది. అసలు వారసుల చేతిలో పెడితే ఆ రాయి పలుకుతుంది. వేరేవాళ్ల చేతిలో మామూలు రాయే. దాని కోసం జోర్గన్ అనే దుర్మార్గుడు వేరుశనగ బుడ్డలు ఒలిచినంత సులువుగా గ్రహాలను పగలగొట్టుకుంటూ వస్తున్నాడు.

మొదటిరోజు లింగమ్మ ఒకటే సందేహం అడిగింది. "ఆడ వానలు పడతాయా?"

"పడవు లింగక్కా."

"అట్లయితే ఆస్పరి పక్కే అనుకో" అని ఆమె సమాధానపడింది. ఆ తర్వాత గుంపులో ఎవరికీ ఏ సందేహమూ రాలేదు.

జోర్గన్ వాళ్ల నోళ్లలో జోర్గన్న అయ్యాడు. ఎంత దుర్మార్గుడైనా తొమ్మిది ఓడల ఆసామిని ఏకవచనంలో పిలవడానికి వాళ్లకు మనసు రాలేదు. ఇక ఓడలో నేల తుడిచే పని చేసే లీరా అనే పిల్ల లీరమ్మ అయింది. గుంపుకు ప్రాణం లీరమ్మే. నల్లరాయిని ఇనుప గుడ్డలో చుట్టి, దొంగల కంటబడకుండా ఒడిలో పెట్టుకుని, అరవై భాగాల పాటు గ్రహం నుంచి గ్రహానికి మోసింది ఆ పిల్ల. ఒట్టి చేత్తో ఒక్కసారి కూడా దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే పలుకుతుందని పదకొండు మందికీ ఎప్పుడో తెలిసిపోయింది. తెలియనిది లీరమ్మకే.

ఆర్యన్ అని ఇంకొకడున్నాడు. వాడు యాభయ్యో భాగంలో సారాయి అంగళ్ల గ్రహంలో దొరికాడు. ఓడ ఎక్కినప్పటి నుంచి పడుకునే ఉన్నాడు.

"వానికి మాత్రం పెట్టగాకండి ఆ రాయి" అని గుంపులోని లక్ష్మక్క అప్పుడే హెచ్చరించింది. హెచ్చరిక ఎవరికో ఆమె చెప్పలేదు.

ఆ చేనంతటికీ నవల వల్ల సుఖం లేని మనిషి లక్ష్మీనారాయణ ఒక్కడే. ఆరెకరాల ఆసామి. ఆయనకు రెండే దిగుళ్లు. ఒకటి వాన, రెండోది ఆకుచెత్త. పత్తిలో ఎండాకు ముక్క కనబడితే ఆదోని యార్డులో వ్యాపారులు మూతి తిప్పుకుంటారు. అందుకని గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడి, "ఆకు రాకుండా తియ్యండమ్మా, ఆకు రాకుండా" అని పొద్దుగూకులూ జపం చేస్తుంటాడు. కథలో పడి ఆకు చూడరని మొదట కోప్పడ్డాడు. తర్వాత ఆకు చూస్తానని చెప్పి నాగవేణి బిందె దగ్గరికే వచ్చి నిలబడటం మొదలుపెట్టాడు. జోర్గన్ మూడో గ్రహాన్ని పేల్చిన రోజైతే జపం కూడా మరిచిపోయాడు.

లింగమ్మ ఆయన్ను రెండు రోజులు చూసింది. మూడో రోజు అడిగేసింది.

"అప్పా, మా గుంపులో ఒక కట్టుబాటు ఉండాది. వినేటోళ్లు వంగల్ల."

"నా చేన్లో నన్నే వంగమంటావా లింగమ్మా?"

"చేను నీదే అప్పా. కత మాది."

ఆయన ముఖం ఎర్రగా చేసుకుని గట్టుకు వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి గొడుగు మాత్రం ఎండ ఎటున్నా నాగవేణి వైపే ఒరిగి ఉంటోంది.

*

మంగళవారం పొద్దున ఆటో కోసం ఎదురుచూస్తూ నాగవేణి నూట ఆరో భాగం తెరిచింది. ముందుగా ఒకసారి చదువుకుంటే నోరు తిరగని పేర్ల దగ్గర తడబడకుండా ఉంటుందని ఆమె అలవాటు.

ఆర్యన్ నిద్ర లేచాడు. ఇనుప గుడ్డ విప్పి రాయిని చేతిలోకి తీసుకున్నాడు. రాయి పలికింది. తొమ్మిది సూర్యులు ఒకేసారి వెలిగాయి. జోర్గన్ నాలుగు వాక్యాల్లో చచ్చిపోయాడు. 'నీ సేవలను ఈ సామ్రాజ్యం ఎన్నటికీ మరువదు' అంటూ ఆర్యన్ తన వేలి ఉంగరం తీసి లీరాకు ఇచ్చాడు. లీరా చెమ్మగిల్లిన కళ్లతో నమస్కరించి, చీపురు తీసుకుని ఓడలోకి వెళ్లిపోయింది. సమాప్తం.

నాగవేణి వేలితో ఇంకా పైకి తోసింది. కింద ఏమీ లేదు. నవల నచ్చితే అయిదు నక్షత్రాలు ఇవ్వండని ఉంది. ఆమె ఒక్కటి కూడా ఇవ్వలేదు.

ముందు ఆమెకు కోపం వచ్చింది. అరవై భాగాలు మోసిన మనిషికి ఉంగరమిచ్చి చీపురు చేతికివ్వడమా అని ఒళ్లు మండింది. ఆ మంట చల్లారకముందే భయం వేసింది. సమాప్తం అంటే బిందె దిగడమే. ఇంకా సగం చేను తీయని పత్తి ఉంది, ఆ తర్వాత రెండో తీత ఉంది. చెప్పడానికి మాత్రం ఏమీ లేదు.

చేనుకు చేరాక అందరూ నడుములకు పాత చీరలు ఒడిలా కట్టుకుని, తలగుడ్డలు బిగించి సాళ్లలో దిగారు. అందరికంటే ముందు సాలు కృపది. చేతివేగంలో ఆమెను మించినవాళ్లు ఎమ్మిగనూరు చుట్టుపక్కల లేరు. ఆమెకూ చదువు వచ్చు గానీ, ఆ చేతులను ఫోనుకు ఇస్తే గుంపు మునిగిపోతుంది.

"రాత్రి ప్రార్థనలో లీరమ్మ కోసరం కూడా అడిగినా" అంది కృప వంగుతూ. "పాస్టరయ్యకు సెప్పొద్దండి."

నాగవేణి గొంతు సవరించుకుంది. "నూట ఆరో భాగం. ఆర్యన్ నల్లరాయిని చేతిలోకి తీసుకున్నాడు" అని చదివి తలెత్తి చూసింది. లింగమ్మ చెయ్యి కాయ మీదే ఆగి ఉంది. లక్ష్మక్క కళ్లు మూసుకుంది. అవతలి సాలులో ఎవరో "అయిపాయ" అని గొణిగారు. ఆరునూరైనా ఆ వాక్యం ఈ నోటితో చదవలేనని నాగవేణికి ఆ క్షణంలో తెలిసింది.

"రాయి పలకలేదు" అంది.

చేనంతా ఊపిరి పీల్చుకుంది. లింగమ్మ చెయ్యి కదిలి పత్తి ఒడిలో పడింది.

ఆ తర్వాత నాగవేణి వెనక్కి చూడలేదు. చూస్తే పడిపోతానని ఆమెకు తెలుసు. రాయి పలకలేదు కాబట్టి ఆర్యన్‌కు సిగ్గేసింది. సిగ్గేసి మళ్లీ పడుకున్నాడు. అంతలో జోర్గన్ ఓడలోకి వచ్చాడు. నిన్నటి దాకా 'ఆ శిలను నా పాదాల చెంత ఉంచు' అని పళ్లు కొరికిన జోర్గన్, ఈ రోజు తలుపు దగ్గర నిలబడి "యాడికి పోతాండావు పిల్లా, ఆ రాయి ఈడ పెట్టు" అన్నాడు. ఆ మాట నోట్లోంచి వెళ్లిపోయాక గానీ నాగవేణికి తట్టలేదు. ఆమె ఫోను మీద నుంచి కళ్లు కొద్దిగా ఎత్తి చూసింది. ఎవరూ తలెత్తలేదు. పత్తి తీసే చేతులు ఎప్పటిలాగే ఆడుతున్నాయి. ఎవరూ పట్టించుకోలేదని ఆమె గుండె కుదుటపడింది. లీరమ్మ రాయితో సహా కిటికీలోంచి దూకి, ఆద్యులు పుట్టిన గ్రహం మీద పడేసరికి రొట్టెల వేళ అయింది.

జొన్నరొట్టె, ఎర్రకారం తింటూ లక్ష్మక్క, "ఈ భాగం శానా బాగుండాది" అంది. "రాసినాయప్పకు బుద్ధొచ్చినట్టుండాది."

నాగవేణి నీళ్ల చెంబు అందుకుంది.

*

బుధవారం లక్ష్మీనారాయణ తీసినంత పత్తి బొలెరోకెత్తించుకుని ఆదోని యార్డుకు పోయాడు. పోయేముందు, "నేను లేనని ఆకు తోసేరు" అని ఒకసారి, "యాడిదాకా వస్తాదో ఈ పొద్దు కత" అని ఇంకోసారి అన్నాడు. రెండోది గొణుగుడు. లింగమ్మ మొదటిదానికే జవాబు చెప్పింది.

ఆద్యుల గ్రహం మీద యుద్ధం జరగాలి. అది తప్పదు. మంగళవారమే జోర్గన్ ఒకవైపు, లీరమ్మను నమ్ముకున్న ఓడ కూలివాళ్లంతా ఒకవైపు వచ్చి నిలబడ్డారు. రాత్రంతా ఆలోచించినా నాగవేణికి ఆకాశంలో మనుషులు దేంతో కొట్టుకుంటారో తట్టలేదు. నక్షత్రకుమార్ కిరణాలనీ కణాలనీ ఏవేవో రాస్తాడు. అవన్నీ చదివేటప్పుడు చదవడమే గానీ ఆమె బుర్రలో ఒక్కటీ నిలవలేదు. అందుకని ముందు ఆయుధాలను వదిలించుకుంది.

"ఆ గ్రహంలో తుపాకులు పేలవు. కిరణాలు పారవు. అది ఆద్యుల శాసనం" అంది.

"మరి దేంతో కొట్టుకుంటారు?" అడిగింది కృప, చెయ్యి ఆపకుండానే.

నాగవేణి ఫోనులో వెతుకుతున్నట్టు వేలు ఆడించింది. కళ్ల ముందు పత్తిచేను, గట్టు, గట్టు మీద ఎవరిదో పేడతట్ట. అంతే, నోరు జారింది.

"పిడకలతో."

లక్ష్మక్క నడుం ఎత్తింది. "ఏం పిడకలు?"

"నక్షత్ర పిడకలు" అంది నాగవేణి. చెవుల దాకా వేడెక్కింది.

"ఎండినవా, పచ్చివా?"

"ఎండినవే లక్ష్మక్కా."

"ఔ. పచ్చివైతే దూరం పోవు" అని లక్ష్మక్క మళ్లీ వంగింది. ఆమె ముఖంలో ఏమీ లేదు.

ఇక ఆగి లాభం లేదు. రెండు పక్షాలూ పిడకలు కుప్పలు పోసుకున్నాయి. అరగంట సేపు ఆకాశం కనబడకుండా పిడకలు ఎగిరాయి. జోర్గన్ కిరీటం మీద ఒకటి తగిలి వంకరపోయింది. లీరమ్మ పక్షంలో వంటమనిషి ఒకామె రెండు చేతులా విసిరింది. దెబ్బలు తగిలినవాళ్లు శిథిలాల్లోని ఆద్యుల గుడికి పోయి బూడిద పూసుకున్నారు. ఎవరూ ఎవరి మీదా పగ పెట్టుకోలేదు.

"పగ పెట్టుకుంటే మరుసటి దినం పెండ్లి ఎట్ల జరుగుతాది" అంది లక్ష్మక్క తనలో తాను.

"ఎవురి పెండ్లి?" అడిగింది నాగవేణి, అసలు కథ చెబుతున్నది తానేనని మరిచిపోయి.

"నాకేం తెలుసు. ఫోన్లో ఉండాది కదా, సూడు" అంది లక్ష్మక్క.

చుట్టుపక్కల సాళ్లలోంచి దగ్గులు వినబడ్డాయి. పత్తి నూగు గొంతులో పడితే అందరికీ దగ్గొస్తుంది. నాగవేణి అలాగే అనుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి పోయాక గానీ ఆమెకు ఒక సంగతి గుర్తుకు రాలేదు. లక్ష్మక్క పుట్టినూరు కైరుప్పల. ఉగాది దాటాక ఊరు ఊరంతా రెండుగా చీలి స్వామి వైపు కొందరు, అమ్మవారి వైపు కొందరు పిడకలతో కొట్టుకుని, విభూతి పూసుకుని, మర్నాడు ఇద్దరికీ పెళ్లి చేసే ఊరు. ఆ సంగతి పోయిన ఉగాదికి తనకు పూసగుచ్చినట్టు చెప్పింది లక్ష్మక్కే. నాగవేణి పొయ్యి దగ్గర కూర్చుని రెండు చేతులతో తల పట్టుకుంది.

*

దెబ్బ మీద దెబ్బలాగా ఆ రాత్రే ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. గురువారం పొద్దున ఆటో ఎక్కేటప్పటికి ఫోనులో నాలుగో వంతు ప్రాణం కూడా లేదు. చేను చేరి 'నూట ఎనిమిదో భాగం' అనగానే అది కాస్తా పోయింది.

నాగవేణి నల్లటి అద్దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చదవసాగింది. అద్దంలో తన ముక్కు, దాని వెనక ఆకాశం కనబడుతున్నాయి. పుట తిప్పినట్టు మధ్యమధ్య వేలితో పైకి తోసింది. ఎండ కదా, తెర వెలుగుతోందో లేదో దూరం నుంచి ఎవరికీ తెలియదని ధైర్యం. తనకే తెలుస్తోంది. లీరమ్మ ఆద్యుల గుడి మెట్లెక్కుతుంటే నాగవేణి ఒంటి నిండా చెమటలు. ఇంతకాలం ఎవరో రాసింది చదివి వాటా తీసుకుంది, అది కష్టమే. ఇప్పుడు తీసుకునేది అబద్ధానికి వాటా. అలా అనుకునేసరికి ఆమెకు ఏడుపొచ్చింది.

లింగమ్మ నీళ్ల చెంబు తెచ్చి ఆమె ముందు వంగింది. "తాగు. గొంతు ఎండుతాంది నీకు" అని ఆమె తాగిందాకా అక్కడే నిలబడి, చెంబు తీసుకుని సాలులోకి వెళ్లిపోయింది.

అప్పుడొచ్చాడు లక్ష్మీనారాయణ. బొలెరో రోడ్డు మీదే వదిలి, గొడుగు ఊపుకుంటూ గట్టు దాటి నేరుగా చేలోకి వచ్చాడు. పత్తి అమ్ముడుపోయిన ముఖంలా లేదు, అమ్ముడుపోని ముఖంలానూ లేదు. కనిపెట్టిన ముఖం అది.

"యాడిదాకా వచ్చింది కత?" అన్నాడు.

"లీరమ్మ గుడి మెట్లు ఎక్కుతాంది" అంది కృప.

"గుడి లేదు, మెట్లు లేవు" అన్నాడాయన. "నిన్న యార్డులో టెండరు సాయంత్రమన్నారు. సాయంత్రం పోయి, రేపన్నారు. పొద్దుపోక ఉగ్గాని బజ్జీ తిని, మా బొలెరో పిల్లోనితో ఆ నవల నా ఫోన్లో యేయించుకున్నా. మొదలు ఎవురికి కావల్ల, కడాకు సూసినా. నూటారు భాగాలే. మంగళారమే అయిపోయింది. నూటేడు లేదు, నూటెనిమిది లేదు. ఈ నాగవేణి మిమ్మల్ని మూడు దినాలుగా పిచ్చోళ్లను సేస్తాంది."

నాగవేణి బిందె మీద నుంచి లేచింది. ఫోను కొంగు చాటుకు తీసుకుంది.

లక్ష్మీనారాయణ జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. ఫోను చాచి పట్టుకుని నూట ఆరో భాగం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాడు. ఆయన చదువుతుంటే గుంపు పత్తి తీస్తూనే ఉంది. రాయి పలికినప్పుడు ఎవరూ నడుం ఎత్తలేదు. ఉంగరం దగ్గర ఆయన గొంతు కొంచెం నెమ్మదించింది. చీపురు దగ్గర ఇంకా నెమ్మదించింది. 'సమాప్తం' అనేసరికి గొణుగుడైపోయింది.

"అంతేనా?" అంది లింగమ్మ.

"అంతే."

"లీరమ్మ?"

"సదివినా కదా. ఊడ్సేదానికి పోయింది."

కృప కాయలోంచి పత్తి కొంచెం గట్టిగా లాగింది. "అరవై భాగాలు ఒళ్లో పెట్టుకొని మోసిందానికి ఉంగరమా" అంది.

"ఆయప్ప ఎప్పుడూ ఒడి కట్టుకొని ఉండడు" అంది లింగమ్మ. ఆమె నోట నక్షత్రకుమార్ గురించి అంతకంటే పెద్ద తిట్టు ఎవరూ వినలేదు.

నాగవేణి ఒక అడుగు ముందుకేసింది. "నాదే తప్పు లింగక్కా. మంగళారమే సూసినా. అది సదవను నాకు నోరు రాలేదు. కత అయిపోతే నేను మీకు బరువని కూడా భయపడినా. అందుకని నోటికొచ్చింది సెప్పినా."

"తెలుసు" అంది లింగమ్మ.

"ఎప్పుట్నుంచి?"

"నాకు మంగళారమే" అంది కృప. "జోర్గన్న మా మామ మాదిరి మాట్లాడె."

"నాకు పిడకల కాడ" అంది లక్ష్మక్క. "అంత దూరంలో మా పుట్టినూరోళ్లు ఉండారని నాకింతవరకు తెలీదు."

"నేను నీళ్లియ్యను వంగితే ఫోన్లో నా మొగమే కనపడె" అంది లింగమ్మ. "బొట్టు కారిపోయింది, సరిసేసుకున్నా."

దగ్గులన్నీ ఇప్పుడు నవ్వులయ్యాయి. నాగవేణి నవ్వలేకపోయింది. "మరి ఏంటికి అడగలేదు?"

"అడిగితే ఆపుతావని" అంది లింగమ్మ.

లక్ష్మీనారాయణ కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. దొంగను పట్టుకొచ్చి నిలబెడితే ఊరంతా వాణ్ని కుశలమడిగినట్టయింది ఆయన పని.

లింగమ్మ వచ్చి నాగవేణి చేతిలోని ఫోను తీసుకుని బిందె కింద పెట్టేసింది. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుంది. అది తీర్పు చెప్పే వాటం.

"ఇంతకుముందు సదవను రెండు చేతులు కావల్లని నిన్ను సాలు నుంచి తప్పిస్తిమి. ఇప్పుడు నువ్వు సదివేదేం లేదు. సెప్పేదానికి నోరు సాలు. ఒడి కట్టుకో."

నాగవేణి భయపడినదే అయింది. బిందె మీద పరుచుకున్న పాత చీర తీసి నడుముకు కట్టుకుంది. ముడి వేయడానికి కుడిచెయ్యి సహకరించకపోతే లక్ష్మక్క వచ్చి వేసింది. లింగమ్మ ఆమెను తన సాలుకూ కృప సాలుకూ మధ్య సాలులో నిలబెట్టింది.

"ఊ, మెట్లెక్కింది. తరవాత?"

నాగవేణి ఎడమ చేత్తో ఒక కాయ పట్టుకుంది. డిప్ప గుచ్చుకుంది. పత్తి సగమే వచ్చింది. "గుళ్లో ఎవురూ లేరు" అని మొదలుపెట్టింది. రెండో కాయకు మాట కొంచెం తేటపడింది. పదో కాయకు లీరమ్మ గర్భగుడిలోకి వచ్చేసింది. ఫోను లేదు కాబట్టి ఇప్పుడు కళ్లు ఖాళీ. ఆమెకు చేను కనబడుతోంది, మనుషులు కనబడుతున్నారు. ఎక్కడ ఆగితే ఎవరి చెయ్యి ఆగుతుందో తెలుస్తోంది.

"ఇనుప గుడ్డ ఇప్పింది" అని ఆగింది.

సాళ్లన్నీ ఆగాయి.

"ఇంతకీ రాయి పలికిందా లేదా?" అన్నాడు వెనక నుంచి లక్ష్మీనారాయణ. ఆయన ఇంకా పోలేదు.

"నువ్వు కడా సూసినావు కదప్పా" అంది లింగమ్మ. "యార్డులో."

"ఆ కడా వేరే."

"వినేటోళ్లు వంగల్ల."

ఆయన రోడ్డు వైపు చూశాడు. బొలెరో పిల్లవాడు సీటులో పడుకుని ఉన్నాడు. గట్టు వైపు చూశాడు. ఊరివాళ్లెవరూ లేరు. గొడుగు మడిచి సాలు మొదట్లో గుచ్చాడు. పంచె ఎగ్గట్టి, నాగవేణి వెనక వంగాడు.

"పట్టుకొని సూస్తాది, ఏమీ లేదు" అని నాగవేణి అందుకుంది. "అప్పుడు లీరమ్మ అనుకుంటాది, అరవై భాగాలు దీన్ని నేను మోసినా, ఒక్క దినమన్నా నీకు బరువుగా ఉందా అని ఇది నన్ను అడగలేదే అని. అట్ల అనుకొని కింద పెట్టబోతే..."

మాట్లాడుతూ ఆమె తన ఒడివైపు చూసుకుంది. తన ఎడమ చెయ్యి తీసిన పత్తికి అది అంత బరువు కాకూడదు. కుడిపక్క నుంచి లింగమ్మ చెయ్యి వచ్చి పోయింది, ఎడమపక్క నుంచి కృప చెయ్యి వచ్చి పోయింది. ఇద్దరూ ఆమె ముఖం వైపు చూడలేదు. కాయల మీద నుంచి కళ్లు తీయలేదు. నాగవేణికి ఉన్నట్టుండి కళ్లలో నీళ్లు తిరిగాయి. నూగు పడిందని అనుకోనివ్వడానికి రెండుసార్లు దగ్గింది. తర్వాత రాయి పలికింది. ఏం పలికిందో చెప్పడానికి పొద్దు వాలేదాకా పట్టింది.

సాయంత్రం తూకానికి ముందు అందరూ వరసగా వచ్చి ఒడులు విప్పి నేల మీద పరిచిన పట్ట మీద పోశారు. లింగమ్మ ప్రతి ఒడి పత్తినీ చేత్తో కలిపి చూసింది. అందరిదీ మల్లెపూవు. నాగవేణి ఒడి విప్పేసరికి ఆమె చెయ్యి ఆగింది. పైన పత్తి అంతా తెల్లగానే ఉంది. అడుగున మాత్రం దోసెడు ఎండాకు, డిప్పల ముక్కలు, ఒక కాయ కాయే తొడిమతో సహా ఉన్నాయి.

"ఎవురిది ఈ చెత్త?" అంది లింగమ్మ.

గుంపులో ఎవరి చేతి పత్తి ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గొడుగు చేత్తో పట్టుకుని నిలబడ్డ లక్ష్మీనారాయణకు ఒడి లేదు. మధ్యాహ్నమంతా ఆయన తీసిన పత్తి ఎక్కడో ఒకచోట పడాలి కదా. ఆయన వాన వస్తుందేమోనన్నట్టు ఆకాశం వైపు చూస్తున్నాడు. మబ్బు తునక కూడా లేదు.

"నాదే లింగక్కా" అంది నాగవేణి. "ఎడమ చెయ్యి కదా, అలవాటు లేదు."

ఒడి కట్టుకున్నాక ఆమె చెప్పిన అబద్ధం అదొక్కటే.

లింగమ్మ ఆకు ముక్కలు ఏరి పక్కన పారేసింది. "రేపటికి నేర్సుకోవల్ల" అంది. చూపు మాత్రం గొడుగు మీద ఉంది.

లక్ష్మీనారాయణ బుద్ధిగా తల ఊపాడు.